రేపటి ఆటగాడికి ఈరోజు ధర

2022 ప్రొ కబడ్డీ వేలంలో పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు పైగా పెట్టి కొనుక్కుంది. మరుసటి ఏడాది మన తెలుగు టైటాన్స్ అతని కోసం 2.60 కోట్లు దాటి పాడింది. 2024లో టైటాన్సే అతన్ని 1.72 కోట్లకు మళ్లీ తీసుకుంది. 2025లో తలైవాస్ అతన్ని 59.5 లక్షలకు దక్కించుకుంది. రెండేళ్ల తేడాలో ధర నాలుగో వంతు కంటే కిందికి దిగింది. మనిషి అతనే, ఆట అదే. ఆ రెండేళ్లలో అతని బలం నాలుగో వంతుకు పడిపోయిందని కబడ్డీ తెలిసినవాళ్లెవరూ అనరు. మరి పడిపోయింది ఏమిటి?

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వరకూ ఉన్న ప్రాంతంలో ఈ ప్రశ్న ఊసుపోక కబురు కాదు. నల్లగొండ, ఖమ్మం, విజయవాడ దారుల్లో వచ్చే కుటుంబాలు నగరంలో మొదట అడుగుపెట్టేది ఇక్కడే. మధ్యలో సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం ఉంది. నాగోలు దాటితే ఉప్పల్‌లో అంతర్జాతీయ క్రికెట్ మైదానం ఉంది. పిల్లవాణ్ని కోచింగ్ సెంటర్లో చేర్చాలా, అకాడమీలో చేర్చాలా అని తర్జనభర్జన పడే తల్లిదండ్రులు ఈ కాలనీల్లో చాలామంది. వేలం రోజున టీవీ తెరమీద కనిపించే అంకె వాళ్ల నిర్ణయాన్ని ఎంతో కొంత కదిలిస్తుంది. ఆ అంకె ఎక్కడి నుంచి పుడుతుంది, కాలంతో పాటు ఎందుకు పెరుగుతుంది, ఎందుకు కరుగుతుంది అన్నది స్పష్టంగా తెలుసుకోవడం వాళ్లకు అవసరం. ఈ విషయాన్ని అందరికంటే ఎక్కువగా తరచి చూసింది అమెరికా డ్రాఫ్ట్ వ్యవస్థ. అందుకే అక్కడ మొదలుపెట్టి మన వేలాల దాకా రావడం మంచిది.

వంతుకు వెల

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ 1936లో డ్రాఫ్ట్ పద్ధతి మొదలుపెట్టింది. ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బెర్ట్ బెల్ దీన్ని ప్రతిపాదించాడు. కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను జట్లు రౌండ్ల వారీగా, వరుసగా ఎంచుకుంటాయి. గత సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు, విజేతకు చివరి వంతు. డబ్బున్న జట్లే మంచివాళ్లందరినీ ఎగరేసుకుపోకుండా చూడటం దీని ఉద్దేశం. వేలంలో ఆటగాడి ధర అక్కడికక్కడ తేలుతుంది. డ్రాఫ్ట్‌లో ముందుగా తేలేది వంతు ఒక్కటే. ఆ వంతునే పిక్ అంటారు.

ఇందులో అసలు మలుపు ఏమిటంటే, పిక్‌ను ఇంకో జట్టుకు ఇచ్చేయవచ్చు. ఈ ఏటి పిక్‌నే కాదు, వచ్చే ఏటిదీ, ఆపై ఏటిదీ కూడా. అప్పటికి ఆ పిక్ ఎన్నో నంబరో తెలియదు. దాంతో ఎవరు వస్తారో అసలే తెలియదు. ఆ ఆటగాడు ఇంకా స్కూల్లో ఉండి ఉండవచ్చు. అలాంటి వంతును ఈరోజు నికరంగా ఉన్న ఆటగాడితో మార్చుకోవాలంటే ఏదో ఒక కొలత కావాలి.

1989 అక్టోబరులో డల్లాస్ కౌబాయ్స్ తన మేటి ఆటగాడు హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చి, బదులుగా కొందరు ఆటగాళ్లతో పాటు పిక్‌ల మూటను తెచ్చుకుంది. ఆ పిక్‌లను అటూ ఇటూ మార్చుకుంటూ కట్టిన జట్టు 1992, 1993, 1995 సీజన్లలో సూపర్ బౌల్ గెలిచింది. 1991 ప్రాంతంలో ఆ జట్టు భాగస్వామి, ఇంజినీరు మైక్ మెకాయ్ పాత ట్రేడ్‌లన్నీ చూసి ఒక పట్టిక తయారుచేశాడు. కోచ్ పేరుమీద జిమ్మీ జాన్సన్ చార్ట్‌గా అది ప్రసిద్ధికెక్కింది. అందులో మొదటి పిక్‌కు 3000 పాయింట్లు, రెండోదానికి 2600, పదోదానికి 1300, యాభయ్యోదానికి 400, వందోదానికి 100. కొన్నేళ్లలో లీగ్ అంతా ఇదే చార్ట్ చేతబట్టుకుని బేరాలు చేసింది.

ఈ పట్టిక చెప్పేది ఆటగాళ్లు ఎంత బాగా ఆడతారన్నది కాదు. అంతకుముందు జట్లు ఎంత ఇచ్చి పుచ్చుకున్నాయో అదే చెబుతుంది. బేరగాళ్ల అలవాటు ఇలా కొలబద్దగా మారింది. ఆ కొలబద్ద సరైనదేనా అని అర్థశాస్త్రవేత్తలు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ పరీక్షించారు. 2005లో మొదట వెలువరించిన వాళ్ల పరిశోధన 2013లో అచ్చయింది. థేలర్ తర్వాత 2017లో నోబెల్ అందుకున్నాడు. జట్లు మొదటి పిక్‌లకు మితిమీరిన విలువ కడుతున్నాయని వాళ్లు తేల్చారు. ఆటగాడికి ఇచ్చే జీతాన్ని తీసేసి చూస్తే, రెండో రౌండ్ పిక్‌లలోనే జట్టుకు ఎక్కువ మిగులుతోంది. ఒకే స్థానంలో ఆడేవాళ్లలో ముందు ఎంపికైనవాడు, ఆ వెంటనే ఎంపికైనవాడి కంటే మెరుగ్గా తేలే అవకాశం దాదాపు 52 శాతమే. నాణెం ఎగరేసినా ఇంచుమించు అంతే.

ఏళ్ల దూరంలో ఉన్నప్పుడు

పిక్ విలువ కాలంతో మారే తీరును నాలుగు దశలుగా చూడవచ్చు. మొదటి దశలో డ్రాఫ్ట్ ఇంకా ఏడాదో, రెండేళ్లో దూరంలో ఉంటుంది. అప్పుడు పిక్ ధర బాగా తక్కువ. ఎన్ఎఫ్ఎల్‌లో ఏళ్లుగా నడిచిన వాడుక ప్రకారం, వచ్చే ఏటి మొదటి రౌండ్ పిక్ ఈ ఏటి రెండో రౌండ్ పిక్‌తో సమానం. ఏడాది ఆగితే ఒక రౌండ్ పైకి ఎక్కవచ్చు. దీన్ని వడ్డీగా లెక్కగట్టిన మాసీ, థేలర్‌లకు ఏడాదికి నూటికి నూరు దాటిన రేటు తేలింది. ఏ బ్యాంకూ, ఏ ఫైనాన్స్ కంపెనీ వేయలేని వడ్డీ అది.

చిట్టీ పాట తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మొదటి నెలల్లో అవసరమున్నవాడు ఎక్కువ తగ్గించి పాడి చిట్టీ ఎత్తుకుంటాడు. ఆ తగ్గింపే మిగిలినవాళ్లకు డివిడెండ్‌గా వస్తుంది. ఆగగలిగినవాడు చివర్లో ఎత్తుకుని ఎక్కువ మిగుల్చుకుంటాడు. చిట్టీ విలువ ఎవరికైనా ఒకటే. తేడా తెచ్చేది ఎవరి అవసరం ఎంత తొందరదన్న విషయం.

ఆటల్లో ఆ తొందర ఎవరిది? దీని మీద మూడు వాదాలున్నాయి. మొదటిది అనిశ్చితి వాదం: దూరంగా ఉన్న పిక్ ఎన్నోదో తెలియదు కాబట్టి తగ్గించడం న్యాయమే అంటుంది. అది కొంతవరకు నిజం. కానీ అనిశ్చితి రెండు వైపులా ఉంటుంది. పిక్ కిందికి జారవచ్చు, పైకీ రావచ్చు. నూటికి నూరు దాటిన తగ్గింపును అదొక్కటే సమర్థించలేదు. రెండోది అతివిశ్వాస వాదం: తాను మెచ్చిన కుర్రాడే గొప్పవాడవుతాడన్న నమ్మకంతో జట్టు రేపటిని తాకట్టు పెడుతుందని థేలర్ లాంటివాళ్లు చూపారు. మూడోది ఉద్యోగ వాదం: ఈ సీజన్ పోతే కోచ్, మేనేజర్ ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. మూడేళ్ల తర్వాత వచ్చే పిక్‌ను అనుభవించేది వాళ్ల వారసుడు. తాను ఉండని ఇంటికి ఎవరు మేడ కడతారు? మూడింటిలో ఎక్కువ బేరాలను విడమరిచి చెప్పగలిగేది ఈ మూడోదే. ఎందుకంటే అది మనిషి తెలివిని కాక, అతని చేతిలో ఉన్న గడువును చూస్తుంది.

సీజన్ నడుస్తున్నప్పుడు, వరుస తేలినప్పుడు

రెండో దశ సీజన్ నడిచే కాలం. ఇక్కడ మరో జట్టు పిక్‌ను చేతిలో పెట్టుకున్నవాడికి ఒక వింత లాభం ఉంటుంది. ఆ జట్టు ఓడేకొద్దీ ఇతని ఆస్తి పెరుగుతుంది. 2023 మార్చిలో కరోలినా పాంథర్స్ ఆ ఏటి మొదటి పిక్ కోసం షికాగో బేర్స్‌కు తొమ్మిదో పిక్‌తో పాటు 2024 మొదటి రౌండ్ పిక్, మరి రెండు పిక్‌లు, ఒక మంచి ఆటగాణ్ని కూడా ఇచ్చింది. పాంథర్స్ ఆ సీజన్‌లో లీగ్‌లోనే చివరన నిలిచింది. దాంతో 2024 పిక్ ఏకంగా మొదటి పిక్ అయింది. ఒక మొదటి పిక్ కొనడానికి మరుసటి ఏటి మొదటి పిక్‌ను కూడా ఇచ్చుకున్నట్టయింది.

బాస్కెట్‌బాల్‌లో ఇంతకంటే పెద్ద పాఠం 2013 నాటిది. బ్రూక్లిన్ నెట్స్ పెద్ద పేరున్న, వయసు మళ్లుతున్న కెవిన్ గార్నెట్, పాల్ పియర్స్‌ల కోసం బోస్టన్‌కు 2014, 2016, 2018 మొదటి రౌండ్ పిక్‌లనూ, 2017లో పిక్ మార్చుకునే హక్కునూ ఇచ్చింది. ఇచ్చిన రోజున నెట్స్ బలమైన జట్టు, అందుకే ఆ పిక్‌లు చివరి వరుసవే అనుకున్నారు. మూడేళ్లలో జట్టు కూలింది. 2016 పిక్ మూడోదై జేలెన్ బ్రౌన్ వచ్చాడు. 2017 పిక్ మొదటిదైంది. దాన్ని మార్చుకుని బోస్టన్ మూడో పిక్‌తో జేసన్ టేటమ్‌ను తీసుకుంది. ఆ ఇద్దరితోనే 2024లో ట్రోఫీ ఎత్తింది.

మూడో దశలో వరుస ఖాయమవుతుంది. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 1985 నుంచి లాటరీ ద్వారా మొదటి వంతులు తేలుస్తోంది. కావాలని ఓడే జట్లను ఆపడానికి 2019లో అవకాశాలను సర్ది, చివరి మూడు జట్లకు తలా 14 శాతం ఇచ్చింది. అంతకుముందు చివరి జట్టుకు 25 శాతం ఉండేది. నిబంధన ఒక్కటి మారగానే అట్టడుగు జట్టు పిక్ విలువ ఆ మేరకు కరిగింది. వరుస తేలిన క్షణం నుంచి డ్రాఫ్ట్ రోజు వరకూ పిక్ ధర పైపైకి పోతుంది. ఊహకు పేరు, ముఖం వస్తాయి కాబట్టి. అందుకే మంచి బేరాలు చాలావరకు డ్రాఫ్ట్ రోజుకు ముందే, ఆ ముఖం కనపడక మునుపే జరుగుతాయి.

పేరు వచ్చాక

నాలుగో దశలో పిక్ మనిషిగా మారుతుంది. అప్పటి నుంచి ఆశ తగ్గి, సాక్ష్యం పెరుగుతుంది. ఇక్కడ జీతం నిబంధన కీలకం. ఎన్ఎఫ్ఎల్‌లో 2010లో మొదటి పిక్ సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది. 2011లో కొత్తవాళ్ల జీతాలకు హద్దు పెట్టారు. ఆ ఏటి మొదటి పిక్ కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 2.2 కోట్ల డాలర్లే వచ్చాయి. ఒక్క ఏడాదిలో మొదటి పిక్ జట్లకు భారం నుంచి వరంగా మారింది. కుర్రాడి నాలుగేళ్ల ఆట చవగ్గా దొరుకుతుందన్న హామీయే ఇప్పుడు పిక్ అసలు విలువ. జాన్సన్ చార్ట్‌ను పక్కనపెట్టి కొత్త చార్ట్‌లు పుట్టుకురావడానికి ఇదొక కారణం.

ఓపిక పడితే చాలు, అంతా వచ్చేస్తుందనుకోవడం కూడా పొరపాటే. ఎన్‌బీఏలో ఓక్లహోమా సిటీ థండర్ 2019లో పాల్ జార్జ్‌ను క్లిప్పర్స్‌కు ఇచ్చి, షై గిల్జియస్ అలెగ్జాండర్‌తో పాటు ఐదు మొదటి రౌండ్ పిక్‌లు తెచ్చుకుంది. వాటిలో ఒకటి 2022లో జేలెన్ విలియమ్స్‌ను ఇచ్చింది. 2025లో జట్టు విజేత అయింది. కానీ 2015-16లో పది మ్యాచ్‌లే గెలిచి పిక్‌లు పోగుచేసిన ఫిలడెల్ఫియా బాస్కెట్‌బాల్ జట్టు ఆ తర్వాత ఒక్కసారి కూడా కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా రాలేదు. పిక్‌ల మూట ఉండటం ఒక ఎత్తు. వచ్చిన కుర్రాళ్లను తీర్చిదిద్దడం మరో ఎత్తు.

మన దగ్గర: ఐపీఎల్

మన పెద్ద లీగులు వేలం దారి పట్టాయి. అయినా ఐపీఎల్ తొలి సీజన్‌కు ముందు, 2008లో, అండర్-19 కుర్రాళ్ల కోసం నిజంగానే ఒక డ్రాఫ్ట్ జరిగింది. ఢిల్లీ డేర్‌డెవిల్స్‌కు విరాట్ కోహ్లీని తీసుకునే వంతు వచ్చింది. అయితే ఢిల్లీ బౌలర్ ప్రదీప్ సంగ్వాన్‌ను ఎంచుకుంది. బ్యాట్స్‌మెన్ తనకు చాలినంత మంది ఉన్నారని అనుకుంది. కోహ్లీని బెంగళూరు 30 వేల డాలర్లకు తీసుకుంది. 2025 సీజన్‌కు అట్టిపెట్టుకున్నప్పుడు అతని ధర 21 కోట్లు. అవసరాన్ని చూసి కొనాలా, ప్రతిభను చూసి కొనాలా అన్న పాత ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మన దగ్గర దొరకదు.

అదే 2008లో హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ కథ వేరు. వేలంలో ఒక జట్టు ఖర్చుపెట్టగల మొత్తం, అంటే పర్స్, 50 లక్షల డాలర్లు. ఐకాన్ హోదా ఉన్న ఆటగాడికి జట్టులో అత్యధిక ధర పలికినవాడి కంటే 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. జట్టు వేలంలో స్వేచ్ఛగా పాడేందుకు వీలుగా వీవీఎస్ లక్ష్మణ్ ఆ హోదానే వదులుకున్నాడు. చార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌కు 13.5 లక్షల డాలర్లు, అంటే పర్స్‌లో 27 శాతం పెట్టింది. ఆ సీజన్‌లో చివరన నిలిచింది. 2009లో ఆడమ్ గిల్‌క్రిస్ట్ సారథ్యంలో దక్షిణాఫ్రికాలో ట్రోఫీ గెలిచింది.

ధరలను కాలంతో పోల్చేటప్పుడు పర్స్‌లో వాటాగా చూడటం తప్పనిసరి. 2008లో ధోనీ 15 లక్షల డాలర్లు అంటే పర్స్‌లో 30 శాతం. 2023 డిసెంబరులో ఇప్పటి హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ పాట్ కమిన్స్‌కు పెట్టిన 20.50 కోట్లు వంద కోట్ల పర్స్‌లో 20.5 శాతం. 2024 నవంబరులో రిషభ్ పంత్‌కు లక్నో పెట్టిన 27 కోట్లు 120 కోట్ల పర్స్‌లో 22.5 శాతం. రూపాయల్లో చూస్తే రికార్డు మీద రికార్డు. వాటాలో చూస్తే 2008 ధోనీని పంత్ దాటలేదు. టీవీ తెరమీద పెరిగిన అంకెలో చాలా భాగం లీగ్ ఆదాయం పెరగడం వల్ల వచ్చింది. ఆటగాడి మీద నమ్మకం అంతగా పెరగలేదు.

ట్రేడ్ విషయానికొస్తే, డ్రాఫ్ట్ పిక్‌కు దగ్గరగా ఉన్న మన ఉదాహరణ సన్‌రైజర్స్‌దే. 2019 సీజన్‌కు ముందు శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మలను తెచ్చుకుంది. అభిషేక్ ధర అప్పటికి 55 లక్షలు. ముగ్గురిలోకీ చిన్నవాడు, బేరంలో చివర చేర్చిన పేరు. ఆ తర్వాత, జట్లు కొద్దిమందిని మాత్రమే అట్టిపెట్టుకుని మిగతావాళ్లను వదిలేయాల్సిన మెగా వేలం వచ్చింది. 2022కు ముందు జట్టు కేన్ విలియమ్సన్‌ను 14 కోట్లకు, అబ్దుల్ సమద్, ఉమ్రాన్ మలిక్‌లను నాలుగేసి కోట్లకు అట్టిపెట్టుకుని అభిషేక్‌ను వేలానికి వదిలింది. మళ్లీ 6.5 కోట్లు పాడి వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. మూడేళ్ల తర్వాత అదే ముగ్గురు కుర్రాళ్ల ధరలు చూడండి: 2025కు అభిషేక్‌ను 14 కోట్లకు అట్టిపెట్టుకున్నారు. సమద్ 4.2 కోట్లకు లక్నో వెళ్లాడు. ఉమ్రాన్ 75 లక్షలకు కోల్‌కతా వెళ్లాడు. ఒకే జట్టు, ఒకే రోజు, ఒకే కోచింగ్ బృందం వేసిన అంచనా. తెలివి తక్కువై తప్పలేదు. రేపటిని ముందే చూడటం ఎవరికైనా అంత కష్టం. 52 శాతం లెక్క ఇక్కడా వర్తిస్తుంది.

ఈ ఉదాహరణలో అసలు నేర్చుకోవాల్సింది మరొకటుంది. మూడేళ్లు పెంచిన కుర్రాణ్ని జట్టు వేలంలో ఇతరులతో పోటీపడి మళ్లీ కొనాల్సి వచ్చింది. హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొంది. మరుసటి ఏడాది మెగా వేలంలో అతను అదే ధరకు బెంగళూరుకు వెళ్లాడు. 2022కు ఆ జట్టు 7 కోట్లకు అట్టిపెట్టుకుంది. 2025లో గుజరాత్ 12.25 కోట్లు పెట్టింది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని మాత్రం 20 లక్షలకు తెచ్చుకుని, 2025కు 6 కోట్లతో నిలబెట్టుకోగలిగింది. 2011, 2014, 2018, 2022, 2025: ప్రతి మూడు నాలుగేళ్లకూ పలక తుడిచేసే ఈ మెగా వేలాల లీగ్‌లో, పద్దెనిమిదేళ్ల కుర్రాడి ఇరవై మూడో ఏటి ఆట ఏ జట్టు ఖాతాలోనూ పూర్తిగా పడదు. అందువల్ల అతని ఈరోజు ధరలో ఆ రేపు ఉండదు.

కబడ్డీ, తెలుగు టైటాన్స్

ప్రొ కబడ్డీలో గడువు ఇంకా చిన్నది. 2014లో తొలి వేలంలో అత్యధిక ధర రాకేశ్ కుమార్‌కు పట్నా పెట్టిన 12.80 లక్షలు. 2018లో మోనూ గోయత్ 1.51 కోట్లకు చేరాడు. 2021లో పర్‌దీప్ నర్వాల్ 1.65 కోట్లు, 2022, 2023లలో పవన్. 2023లో టైటాన్స్ పర్స్ 5 కోట్లు. అందులో పవన్ ఒక్కడికే 52 శాతం. క్రికెట్‌లో ఏ జట్టూ ఒకే మనిషి మీద అంత వాటా పెట్టలేదు. ఆ సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి చివరన నిలిచింది. అంతకుముందు రెండు సీజన్లలోనూ చివరి స్థానమే. పవన్ తన వంతు ఆడాడు. పక్కన నిలబడే డిఫెండర్లకు, రెండో రైడర్‌కు పర్స్‌లో మిగిలింది తక్కువ. ఏడుగురు కలిసి ఆడే ఆటలో అది తీరని లోటు.

రాహుల్ చౌదరి కథ ఇంకా స్పష్టం. 2014 నుంచి టైటాన్స్ అంటే అతనే. 2018లో జట్టు అతన్ని 1.29 కోట్లకు తీసుకుంది. 2019లో తలైవాస్ 94 లక్షలు, 2021లో పుణేరి 40 లక్షలు, 2022లో జైపూర్ 10 లక్షలు. ఆ ఏడు జైపూర్ విజేత. రైడర్ వేగం వయసుతో తగ్గుతుంది నిజమే. కానీ 1.29 కోట్ల దగ్గర టైటాన్స్ కట్టింది ముందున్న ఆటకు మాత్రమే కాదు, వెనక ఉన్న పేరుకు కూడా. నెట్స్ గార్నెట్‌కు కట్టిందీ అలాంటిదే.

2025లో టైటాన్స్ వేరే దారి పట్టింది. అంతకుముందు సీజన్‌లో పవన్ గాయంతో దూరమైనప్పుడు భారం మోసిన విజయ్ మలిక్‌ను 51.5 లక్షలకు నిలబెట్టుకుని కెప్టెన్ చేసింది. భరత్ హుడాను 81 లక్షలకు తెచ్చుకుంది. ఇద్దరికీ కలిపి పర్స్‌లో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. ఆ ఏడు జట్టు ప్లేఆఫ్స్‌కు చేరి, ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద ఆగింది. ఒక్క సీజన్ ఫలితంతో సూత్రం రాయలేం. అయినా 52 శాతం ఒక్కరి మీద పెట్టిన ఏటికీ, 26 శాతం ఇద్దరికి పంచిన ఏటికీ తేడా కళ్లెదుట ఉంది.

కబడ్డీలో డ్రాఫ్ట్ పిక్‌కు నిజంగా దగ్గరగా ఉన్నది కొత్త యువ ఆటగాళ్ల కోటా. వేలంలో పాడకుండా తక్కువ జీతానికి తీసుకుని, కొన్ని సీజన్లు అట్టిపెట్టుకునే వీలుంటుంది. దబాంగ్ ఢిల్లీ 2018లో నవీన్ కుమార్‌ను అలా తెచ్చి, అతనితోనే ఎనిమిదో సీజన్ గెలిచింది. 2025లో అతను హరియాణాకు 1.20 కోట్లకు వెళ్లేనాటికి ఢిల్లీ అతని అత్యుత్తమ ఏళ్లు చూసేసింది. లీగ్‌లో ఓపికకు ఫలితం దక్కే తలుపు ఇదొక్కటే. టైటాన్స్ భారీగా ఖర్చుపెట్టిన రాహుల్ చౌదరి, సిద్ధార్థ్ దేశాయ్, పవన్ ముగ్గురూ ఉత్తరాది, మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లు. తెలుగు జిల్లాల కుర్రాళ్లకు దారి తెరవాలంటే ఆ కోటాయే తెరవాలి.

కబడ్డీ దాటి మళ్లీ క్రికెట్‌కు వస్తే, తెలుగువాళ్ల డబ్బు డ్రాఫ్ట్‌లోకి నేరుగా దిగిన చోటు అమెరికా. మేజర్ లీగ్ క్రికెట్ 2023 మార్చిలో హ్యూస్టన్‌లో అమెరికా స్థానిక ఆటగాళ్ల డ్రాఫ్ట్ జరిపింది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల, జీఎంఆర్ గ్రూప్ భాగస్వాములుగా ఉన్న సియాటిల్ ఓర్కాస్ మొదటి పిక్‌తో హర్మీత్ సింగ్‌ను ఎంచుకుంది. ఆ ఏడు మొదటి రౌండ్ జీతం 75 వేల డాలర్లు, రౌండ్ రౌండ్‌కూ తగ్గింది. ధర ముందే ఖాయం కాబట్టి పోటీ అంతా వంతు కోసమే. అమెరికాలో పుట్టిన తెలుగు కుర్రాడు సాయితేజ ముక్కామల టెక్సాస్ సూపర్ కింగ్స్‌కు అలాగే వచ్చాడు.

ఏం చేయాలి

ఈ మొత్తం సమీక్షలో ఒక విషయం పదే పదే తేలుతుంది. కొత్త ఆటగాడి విలువ కాలంతో దానంతట అది తరగదు, పెరగదు. అతన్ని ఎంతకాలం అట్టిపెట్టుకోనిస్తారో, ఆ కాలంలో అతనికి ఎంత ఇవ్వాలో చెప్పే నిబంధనే విలువను నడుపుతుంది. ఎన్ఎఫ్ఎల్ 2011లో, ఎన్‌బీఏ 2019లో నిబంధన మార్చగానే ధరలు మారాయి. మన లీగులు గడువు చిన్నది చేసి, పేరున్నవాళ్ల ధర పెంచి, పెంపకం విలువ తగ్గించాయి.

అందుకే మూడు మార్పులు రావాలి. మొదటిది, ఐపీఎల్‌లోనూ కబడ్డీలోనూ ఒక జట్టు 20 ఏళ్ల లోపు తెచ్చుకున్న ఆటగాణ్ని కనీసం ఐదు సీజన్లు వేలం లేకుండా ఉంచుకునే హక్కు ఇవ్వాలి. అందుకు బదులుగా ఏటేటా తప్పనిసరిగా పెరిగే జీతం పెట్టాలి. లేకపోతే చవకగా కట్టిపడేసినట్టవుతుంది, అది కుర్రాడికి అన్యాయం. రెండోది, ఫుట్‌బాల్‌లో ఫిఫా అమలు చేస్తున్న పద్ధతి మనకూ కావాలి. అక్కడ ఆటగాడు డబ్బుకు క్లబ్బు మారినప్పుడు ఆ మొత్తంలో 5 శాతం, 12 నుంచి 23 ఏళ్ల మధ్య అతన్ని తీర్చిదిద్దిన క్లబ్బులకు వెళుతుంది. మన వేలం ధరలో అలాంటి వాటా ఉంటే ఎల్బీనగర్‌లో, వనస్థలిపురంలో, హయత్‌నగర్‌లో చిన్న అకాడమీ నడిపే కోచ్‌కు తన శిష్యుడి భవిష్యత్తు మీద నికరమైన హక్కు ఏర్పడుతుంది. అప్పుడు ఫీజు కట్టలేని పిల్లవాణ్ని చేర్చుకోవడం అతనికి భారం కాదు, పెట్టుబడి అవుతుంది. మూడోది, ప్రసారకర్తలు, పత్రికలు ధరను రూపాయల్లోనే కాక పర్స్‌లో వాటాగా కూడా చూపాలి. అది చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వచ్చే వేలంలోనే మొదలుపెట్టవచ్చు.

తల్లిదండ్రులకు చెప్పదగ్గ మాట కూడా ఇందులోంచే వస్తుంది. వేలం రోజు అంకె మీ అబ్బాయి ప్రతిభకు కొలత కాదు. ఆ రోజు ఎదుటి జట్టుకున్న అవసరానికి, దాని చేతిలో మిగిలిన పర్స్‌కు, ఆ లీగ్ ఇచ్చిన గడువుకు కొలత. అవి మూడూ మీ చేతిలో లేవు. పదిహేనో ఏట ఏ కోచ్ దగ్గర ఎన్ని గంటలు నేర్చుకున్నాడు, చదువు ఆపకుండా నడిచిందా, గాయమైతే సరైన వైద్యం అందిందా అన్నవి మీ చేతిలో ఉన్నాయి. పవన్ ధర నాలుగో వంతుకు పడిన రోజున కూడా కబడ్డీ కోర్టులో అతని అడుగు అతనిదే. ఆ అడుగు నేర్పేవాళ్లకు, నేర్చుకునేవాళ్లకు కాలం కలిసొచ్చేలా నిబంధన రాయించుకోవడం ఆటను ప్రేమించే మనందరి పని.